ఆ చప్పుడు ఎక్కడిది?

నక్షత్రాల గుసగుసలు వినే చెవులవి. ఓ పావురం రెట్ట వేసినా, ఎవరో వంటింట్లో తలుపు తీసినా ఉలిక్కిపడతాయి. కొంచెం గట్టిగా అరిస్తే శాశ్వతంగా చెవుడొస్తుంది. అలాంటి సున్నితమైన రేడియో యంత్రాలను కాపాడుకోవడం ఒక ఎత్తు... వాటికి వినిపించింది నిజమో కాదో తేల్చడం మరో ఎత్తు!

ఆస్ట్రేలియాలోని పార్క్స్ పట్టణం దగ్గర, గొర్రెలు మేసే బయలు మధ్య, ఓ పేద్ద గిన్నె ఆకాశంలోకి చూస్తూ ఉంటుంది. అడ్డం 64 మీటర్లు. 1961 నుంచీ అది విశ్వంలోంచి వచ్చే రేడియో తరంగాలను వింటోంది. ఆ గిన్నెకు అప్పుడప్పుడూ ఓ వింత చప్పుడు వినిపించేది. సెకనులో నాలుగో వంతు సేపు... అంతే, మాయం. 1998 నాటి రికార్డుల్లోనూ ఆ జాడ ఉంది. దూరపు గెలాక్సీ నుంచి వచ్చే సంకేతానికి ఉండాల్సిన లక్షణాలే దాదాపుగా దీనికీ ఉన్నాయి. కానీ ఓ తిరకాసు. ఆ సంకేతాలు ఎక్కువగా పనిరోజుల్లోనే వచ్చేవి. అదీ పగటిపూట... మధ్యాహ్న భోజనాల వేళకి!

గెలాక్సీలకి లంచ్ టైమ్ ఏమిటి?

శాస్త్రవేత్తలు వాటికి 'పెరిటాన్' అని పేరు పెట్టారు. జింక తలా పక్షి రెక్కలూ ఉండి, నీడ మాత్రం మనిషిది పడే ఓ కాల్పనిక జంతువు పేరది. చూడ్డానికి ఒకటి, నీడ ఇంకొకటి. సరిగ్గా అతికిన పేరు.

నవ్వుకుని వదిలేసే విషయం కాదది. ఎందుకంటే 2007లో అదే టెలిస్కోపు పాత రికార్డుల్లోంచి ఓ అపురూపమైన సంకేతం బయటపడింది. 2001లో వచ్చిన ఆ మెరుపు 5 మిల్లీసెకన్లు కూడా లేదు. మన గెలాక్సీకి ఎంతో దూరం నుంచి వచ్చిందన్నారు. ఖగోళశాస్త్రంలో అదో కొత్త అధ్యాయం. ఇప్పుడు పెరిటాన్లు భూమ్మీదివే అని తేలితే, పోలికలున్న ఆ మెరుపు కూడా ఉత్తదేనా? దాన్ని నమ్ముకుని పరిశోధనలు మొదలుపెట్టినవాళ్ల గతేమిటి?

2014 డిసెంబరులో టెలిస్కోపు దగ్గర ఓ కాపలా యంత్రం పెట్టారు. చుట్టుపక్కల పుట్టే రేడియో తరంగాలన్నింటినీ రాసిపెట్టడమే దాని పని. 2015 జనవరిలో మూడు పెరిటాన్లు వచ్చాయి. ఆ మూడుసార్లూ కాపలా యంత్రంలో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఓ బలమైన సంకేతం కనిపించింది. ఆ ఫ్రీక్వెన్సీ వంటింటి వస్తువుదే... మైక్రోవేవ్ ఒవెన్!

వెంటనే ఒవెన్లలో నీళ్లు కాగబెట్టి చూశారు. ఏమీ లేదు. తలుపు వేసి ఉన్నంతసేపూ ఒవెన్ బుద్ధిగానే ఉంది. అప్పుడు ఇంకో రకంగా చేశారు. పని పూర్తికాకముందే, స్టాప్ బటన్ నొక్కకుండా, సర్రున తలుపు లాగారు. పెరిటాన్ ప్రత్యక్షం! ఒవెన్ ఆగిపోయే ఆ లిప్తకాలంలో లోపలి మ్యాగ్నెట్రాన్ 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఓ చిన్న 'కేక' వేస్తుంది. తెరిచిన తలుపులోంచి అది బయటికొస్తుంది. గిన్నె అటువైపు తిరిగి ఉంటే దాన్ని పట్టేస్తుంది. ఆకలి ఆగని ఎవరో చేసిన పని, ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలకు నిద్ర లేకుండా చేసిందన్నమాట.

అసలు లాభం మాత్రం వేరే ఉంది. దొంగ ఎవరో తెలిశాక, 2001 నాటి మెరుపు ఆ కోవలోది కాదని తేల్చగలిగారు. ఆ తర్వాత అలాంటి మెరుపులు వేలల్లో దొరికాయి. 2020లో మన గెలాక్సీలోనే ఉన్న ఓ మ్యాగ్నెటార్ నుంచి కూడా అలాంటిది వచ్చింది. ఒవెన్‌ని పట్టుకోకపోయి ఉంటే వాటన్నింటి మీదా అనుమానం నీడ ఉండేది.

ఎంత చిన్న చప్పుడు?

రేడియో ఖగోళశాస్త్రంలో సంకేతాల బలాన్ని 'జాన్‌స్కీ'ల్లో కొలుస్తారు. దశాంశ బిందువు తర్వాత పాతిక సున్నాలు పెట్టి ఆ పక్కన 1 వేస్తే... అన్ని వాట్ల శక్తి ఒక్కో చదరపు మీటరు మీద, ఒక్కో హెర్ట్జ్‌కీ పడితే ఒక జాన్‌స్కీ. అందులో వెయ్యో వంతుని కూడా నేటి టెలిస్కోపులు పసిగడతాయి. ఇంకోలా చెప్పాలంటే, మీ జేబులోని సెల్‌ఫోన్‌ని తీసుకెళ్లి చందమామ మీద పెట్టి మాట్లాడితే, ఆకాశంలోని ప్రకాశవంతమైన రేడియో వనరుల్లో అదీ ఒకటవుతుంది!

ఆ కొలమానానికి పేరిచ్చిన కార్ల్ జాన్‌స్కీ చేసింది కూడా ఇలాంటి దొంగవేటే. 1930ల మొదట్లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఆయనకో పని అప్పగించింది. సముద్రాలు దాటే రేడియో టెలిఫోన్లలో గరగరమనే శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందో కనుక్కోవాలి. ఉరుముల శబ్దాలు పోగా ఇంకోటి మిగిలింది. అది రోజూ 4 నిమిషాలు ముందుగా వస్తోంది. అంటే సూర్యుణ్ని కాదు, నక్షత్రాల్ని అనుసరిస్తోంది. అది మన పాలపుంత మధ్యభాగం నుంచి వస్తోందని 1933లో ప్రకటించాడు. ఫోన్లో గరగర ఏమిటని అడిగితే రేడియో ఖగోళశాస్త్రం పుట్టింది.

పావురాలు చెప్పిన సృష్టి రహస్యం

మూడు దశాబ్దాలు గడిచాయి. న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో అదే బెల్ ల్యాబ్స్‌కి పెద్ద కొమ్ముబూర ఆకారంలో ఓ యాంటెన్నా ఉండేది. 'ఎకో' ఉపగ్రహ ప్రయోగాల కోసం కట్టింది. 1964లో ఆర్నో పెన్జియాస్, రాబర్ట్ విల్సన్ దాంతో ఆకాశాన్ని కొలవాలనుకున్నారు. కొలిచేముందు యంత్రం సంగతి తేల్చుకోవాలి కదా! ద్రవ హీలియంతో చల్లబరిచిన ఓ ప్రమాణాన్ని పక్కనే పెట్టుకుని, దాంతో పోల్చిచూశారు. లెక్క తేలలేదు. ఎక్కడో సుమారు 3.5 డిగ్రీలు ఎక్కువ వస్తోంది. ఎటు తిప్పినా అంతే, ఎప్పుడు చూసినా అంతే.

న్యూయార్క్ నగరం నుంచి వస్తోందా అని బూరని అటు తిప్పి చూశారు. కాదు. రేకుల అతుకుల మీద అల్యూమినియం టేపు అంటించారు. తేడా లేదు. 1962లో ఆకాశంలో జరిగిన అణు పరీక్ష అవశేషమా? అయితే రోజులు గడిచేకొద్దీ తగ్గాలి. ఏడాది గడిచింది, తగ్గలేదు. బూర లోపల మాత్రం ఓ పావురాల జంట కాపురం పెట్టింది. గోడలకి వాటి రెట్ట పూతలా పట్టింది. పట్టుకుని, సంస్థ సరకుతో పాటు చాలా దూరంలోని మరో కేంద్రానికి పంపి వదిలారు. పావురాలు కదా... తిరిగొచ్చేశాయి. చివరికి వాటిని కాల్చేయక తప్పలేదు. రెట్టంతా కడిగారు. గరగర రవ్వంత తగ్గింది. మిగతాది అలాగే ఉంది!

అన్నీ కడిగాక, అన్నీ బిగించాక, అన్నీ అనుమానించాక మిగిలిన ఆ చప్పుడు... విశ్వం పుట్టినప్పటి వేడి తాలూకు మిగులు. 1965లో ప్రకటించారు. 1978లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ పావురాల బోను వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. పావురాల్ని అనుమానించినవాళ్లకే సృష్టి రహస్యం దొరికింది. 'ఏదో గరగరలే' అని లెక్కలోంచి తీసేసుంటే దొరికేది కాదు.

చెవుడు రావడానికి క్షణం చాలు

ఇంత సున్నితమైన యంత్రాలు ఆకాశం కేసి చూసేవే కానక్కర్లేదు. మన సెల్ టవర్లని పరీక్షించే ఇంజినీర్ల దగ్గరా, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో, రక్షణ పరిశోధనాలయాల్లో 'స్పెక్ట్రమ్ ఎనలైజర్' అనే పెట్టె ఉంటుంది. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో తెర మీద గీత గీసి చూపిస్తుంది. ఖరీదు లక్షల్లో. చాలా ఎనలైజర్లు తట్టుకోగలిగేది మహా అయితే ఒక వాట్. పోలీసుల చేతిలో కనిపించే వాకీటాకీ 5 వాట్లు పంపుతుంది. ఎవరో హడావుడిలో దాని యాంటెన్నా తీసి, అదే కేబుల్ని నేరుగా ఎనలైజర్‌కి తగిలించి బటన్ నొక్కారనుకోండి... పొగ రాదు, చప్పుడు రాదు. లోపల ఆవగింజంత డయోడ్ ఒకటి కాలిపోతుంది. పెట్టె మాత్రం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. కొలతలే తప్పు చెబుతుంది!

మామూలు ఫ్యూజు పెడితే సరిపోదా? ఫ్యూజు కరిగేలోపు డయోడ్ ఎప్పుడో పోతుంది. అందుకే ముందు 'అటెన్యుయేటర్' పెడతారు. వచ్చే శక్తిని పదో వంతుకో వందో వంతుకో తగ్గించే చిన్న లోహపు గొట్టం. ఆ పైన 'లిమిటర్'... హద్దు దాటిన శక్తిని అడ్డుకునే కాపలాదారు. డీసీ వోల్టేజి లోపలికి రాకుండా 'డీసీ బ్లాక్'. వేలల్లో ఖర్చు, లక్షల్లో ఆదా.

రెండో శత్రువు మన ఒళ్లే. తలుపు గడియ ముట్టుకుంటే చురుక్కుమనడం అందరికీ తెలిసిందే. ఆ చురుకు మనకు తెలియాలంటే సుమారు 3 వేల వోల్టులు కావాలి. కొన్ని సున్నితమైన విడిభాగాలు చావడానికి 100 వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే మనకి తెలియకుండానే చంపేయగలం. అందుకే టెక్నీషియన్లు మణికట్టుకి భూమితో కలిపిన పట్టీ కట్టుకుంటారు. మేడ మీది యాంటెన్నా నుంచి దిగిన పొడవాటి కేబుల్లోనూ ఇలాంటి విద్యుత్తు దాక్కుని ఉంటుంది. దాన్ని ముందు భూమికి తాకించి ఖాళీ చేశాకే యంత్రానికి తగిలించాలి.

మూడోది దుమ్ము, తేమ, మొరటుతనం. కనెక్టర్ కొసన ఉండే సూది తలవెంట్రుకంత పక్కకి జరిగినా కొలత మారుతుంది. బయటికి ఒకేలా కనిపించే 50 ఓమ్‌ల, 75 ఓమ్‌ల ఎన్-టైప్ కనెక్టర్లలో మధ్య సూది మందం వేరు. లావు సూదిని సన్నటి రంధ్రంలోకి నెడితే ఆ రంధ్రం పని అయిపోయినట్టే. బిగించడానికి కూడా 'టిక్'మని ఆగే ప్రత్యేకమైన టార్క్ రెంచి ఉంటుంది. కటింగ్ ప్లయర్‌తో బిగించేవాణ్ని చూస్తే ల్యాబ్ పెద్దాయన గుండె ఆగినంత పనవుతుంది!

అరిచే నోరే వినే చెవి

తిరుపతి దగ్గర గాదంకిలో ఈ సమస్య ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న పొలంలో 1,024 యాంటెన్నాలు పంటలా నిలబడి ఉంటాయి. 1990ల్లో మొదలైనప్పుడు దాని గరిష్ఠ శక్తి 25 లక్షల వాట్లు. ఆ తరంగం పైకెళ్లి గాలి పొరల్లోని అతి చిన్న తేడాలకి తగిలి వెనక్కొస్తుంది. వెళ్లిన శక్తిలో తిరిగొచ్చేది కోటి కోట్ల వంతు కన్నా తక్కువ. పంపేదీ, వినేదీ అవే యాంటెన్నాలు!

అంటే చెవి పక్కనే ఫిరంగి పేల్చి, ఆ మరుక్షణం చీమ నడక వినాలన్నమాట. 10 కిలోమీటర్ల ఎత్తు నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టేది సెకనులో 15 వేల వంతు. ఆలోపు ఫిరంగి ఆగాలి, చెవి తెరుచుకోవాలి. ఆ పని చేసేది 'టీఆర్ స్విచ్'. అరిచేటప్పుడు చెవిని మూసి, వెంటనే తెరుస్తుంది. అది ఒక్కసారి తడబడితే రిసీవర్ ముందుభాగం బూడిదే.

దొంగ ఇంట్లోనా... బయటా?

ఇక యంత్రం వింత కొలతలు చెబుతోంది. ఏం చేయాలి? అనుభవజ్ఞులు మొదట యంత్రం విప్పరు. కేబుల్ తీసేసి, ఇన్‌పుట్‌కి 50 ఓమ్‌ల మూత పెడతారు. చప్పుడు అలాగే ఉంటే దొంగ లోపలే ఉన్నాడు. పోతే బయటివాడు. తర్వాత ముందు 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ తగిలిస్తారు. నిజమైన సంకేతం సరిగ్గా 10 తగ్గుతుంది. అంతకన్నా బాగా ఎక్కువ తగ్గితే అది బయట లేనే లేదు... శక్తి ఎక్కువై యంత్రమే లోపల పుట్టించుకున్న దెయ్యం! ఆ పైన కేబుల్ మార్చడం, కనెక్టర్ తుడవడం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్రతిదీ పుస్తకంలో రాయాలి. రెండు ఒకేసారి మారిస్తే చప్పుడు పోతుంది కానీ ఎందుకు పోయిందో తెలియదు. కారణం తెలియని రిపేరు రిపేరే కాదంటారు.

కనెక్టర్ బిగించారా అన్న ప్రశ్న ఎంత పెద్దదో 2011లో ప్రపంచమంతా చూసింది. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ ప్రయోగశాలకు పంపిన న్యూట్రినోలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందే చేరాయని 'ఒపెరా' బృందం ప్రకటించింది. ఐన్‌స్టీన్ తప్పా? పత్రికలన్నీ హోరెత్తాయి. నాలుగైదు నెలల తర్వాత తేలింది... జీపీఎస్ సమయాన్ని గడియారానికి చేరవేసే ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్ సరిగ్గా బిగించి లేదు! బృందానికి నాయకత్వం వహించిన ఇద్దరు 2012 మార్చిలో పదవుల్లోంచి తప్పుకున్నారు.

ఊరి నెట్ మింగిన టీవీ

దొంగ బయటివాడైతే? వేల్స్‌లో అబర్‌హోసన్ అనే పల్లె ఉంది. అక్కడ ఏడాదిన్నర పాటు ప్రతి ఉదయం 7 గంటలకి ఊరంతటికీ ఇంటర్నెట్ పడిపోయేది. కేబుళ్లు మార్చారు. లాభం లేదు. చివరికి ఇంజినీర్లు స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని, జోరువానలో, తెల్లారకముందే ఊరంతా తిరిగారు. సరిగ్గా 7 కాగానే తెర మీద గీత ఎగిసింది. ఆ గీత వెంట నడుస్తూ వెళ్లి ఓ ఇంటి ముందు ఆగారు. ఆ ఇంటివాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత టీవీని రోజూ పొద్దున్నే ఆన్ చేస్తారు. దాంట్లోంచి వచ్చే విద్యుత్ శబ్దం ఊరి రాగి తీగల్లో నెట్‌ని మింగేస్తోంది. విషయం తెలిసి ఆ ఇంటివాళ్లు సిగ్గుతో చచ్చిపోయారట. ఇక ఆ టీవీ పెట్టబోమన్నారు. 2020లో ఈ కథ బయటికొచ్చింది.

ఇలాంటి వేట మన ఇంట్లోనూ చేయొచ్చు. పాత ట్రాన్సిస్టర్ ఉంటే తీయండి. మీడియం వేవ్‌లో స్టేషన్ లేనిచోట ముల్లు పెట్టండి. చవకరకం ఎల్ఈడీ బల్బు దగ్గరికి, ఫోన్ ఛార్జర్ దగ్గరికి తీసుకెళ్లండి. బుర్రుమంటోందా? ఒక్కొక్కటే ఆపుతూ రండి. చప్పుడు ఎక్కడ ఆగితే దొంగ అక్కడ!

ఆకాశమూ నిండిపోతోంది

ఇలాంటి చప్పుళ్లకి దూరంగా ఉండాలనే టెలిస్కోపుల్ని నగరాలకి ఎడంగా కడతారు. పుణెకి 80 కిలోమీటర్ల దూరంలో, ఖోదద్ దగ్గర ప్రొఫెసర్ గోవింద్ స్వరూప్ ఆధ్వర్యంలో 45 మీటర్ల గిన్నెలు 30 కట్టినప్పుడు, ఆ చోటుని ఎంచుకోవడానికి ఒక కారణం రేడియో సందడి తక్కువ కావడమే. అయినా కరెంటు తీగల మీద లేచే చిన్న నిప్పురవ్వలు కూడా అక్కడ తలనొప్పే. అమెరికాలో గ్రీన్‌బ్యాంక్ టెలిస్కోపు చుట్టూ 1958లోనే సుమారు 34 వేల చదరపు కిలోమీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించారు. గిన్నె దగ్గర తిరిగేవి డీజిల్ బళ్లే. పెట్రోలు ఇంజిన్ స్పార్క్ ప్లగ్ నిప్పు కూడా రేడియో శబ్దమే కదా!

నేల మీద గీత గీయొచ్చు. నెత్తి మీద? 2023లో ఐరోపా లోఫర్ టెలిస్కోపుతో 68 స్టార్‌లింక్ ఉపగ్రహాల్ని గమనిస్తే 47 నుంచి ఉద్దేశించని రేడియో శబ్దం వచ్చింది. పలకరించడానికి వాడే ఫ్రీక్వెన్సీల్లో కాదు... లోపలి ఎలక్ట్రానిక్స్ నుంచి కారుతున్నది. పల్లెలకి ఇంటర్నెట్ వద్దని ఎవరంటారు? కానీ ఆ ఉపగ్రహాలకి ఊరి బయట అన్న మాటే లేదు. ఏ కొండ చాటుకెళ్లినా అవి తల మీదే ఉంటాయి. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా ఎడారుల్లో లేస్తున్న ఎస్‌కేఏ టెలిస్కోపులో మన దేశమూ భాగస్వామే. రేపు దాని ముందుండే ప్రశ్నా ఇదే.

ఒవెన్ని వంటింట్లోంచి తీసేయొచ్చు. టీవీని ఆపేయొచ్చు. పావురాల్ని తరిమేయొచ్చు. వేల ఉపగ్రహాల్ని ఏం చేస్తాం? కంపెనీలూ శాస్త్రవేత్తలూ కూర్చుని మాట్లాడుకోవడం తప్ప దారి లేదు. ఎందుకంటే నిశ్శబ్దం ఒకసారి పోతే, ఆ తర్వాత వచ్చే ప్రతి చప్పుడు వెనకా అదే అనుమానం వెంటాడుతుంది... ఇది నక్షత్రమా, మనమేనా?